జీను పనికి మేకుల ఎంపిక: ఎక్కడ ఏది కొట్టాలి, ఎక్కడి నుంచి తెప్పించుకోవాలి

జీను తన జీవితకాలంలో ఎన్నోసార్లు విప్పాల్సి వచ్చే వస్తువు. వాడుతున్నకొద్దీ మెత్తలో కూరిన ఉన్ని అణిగి ఉండలు కడుతుంది, కూర్చునే చోట బిగించిన నవారు సాగుతుంది, తంగు (గుర్రం పొట్ట కింద నుంచి జీనును బిగించే పట్టీ) తగిలించే పట్టీలు చిల్లుల దగ్గర చినుగుతాయి, పైతోలు పగుళ్లు బారుతుంది. వీటిలో దేన్ని బాగుచేయాలన్నా ఎవరో ఒకరు పాత మేకులు పీకి, అదే చెక్కలో మళ్లీ కొత్తవి కొట్టక తప్పదు. అందుకే దుకాణంలో నిలబడి “అన్నిటికన్నా గట్టిగా పట్టే మేకు ఇవ్వండి” అని అడగడం జీను పనికి పనికివచ్చే పద్ధతి కాదు. ఈ మేకు దేనిలోకి దిగాలి, దీన్ని మళ్లీ పీకాల్సి వస్తుందా అన్న రెండు ప్రశ్నలకు జవాబు తేల్చుకున్న తరువాతే లోహం, పొడవు, ధర అనే లెక్కల్లోకి వెళ్లడం మంచిది.

ముందు చట్రాన్ని చూడాలి

మన దేశంలో జీనుల తయారీకి ప్రధాన కేంద్రం కాన్పూరు. ‘కాన్పూర్ శాడ్లరీ’ (జీను సామాను)కి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అక్కడ ఎక్కువగా తయారయ్యేవీ, హైదరాబాద్‌లో మలక్‌పేట రేసు కోర్సులోనూ జాతీయ పోలీసు అకాడమీ స్వారీ శిక్షణలోనూ గుర్రాల మీద కనిపించేవీ ఇంగ్లిష్ తరహా జీనులే. ఈ తరహాలో ‘ట్రీ’ అని పిలిచే చట్రాన్ని బీచ్ కలప పలుచని పొరలను జిగురుతో అతికించి, అచ్చులో వంచి తయారుచేస్తారు. ముందు వంపు దగ్గర ఉక్కు పలకలను రివిట్లతో బిగిస్తారు, స్ప్రింగ్ రకం చట్రమైతే ముందు నుంచి వెనుకకు రెండు సన్నని ఉక్కు పట్టీలు కూడా ఉంటాయి. బీచ్ దట్టమైన కలప కాబట్టి సన్నని మేకును కూడా బాగా పట్టుకుంటుంది, కానీ అంచుకు మరీ దగ్గరగా లావు మేకు కొడితే పొరలు విచ్చుకుంటాయి. ముందు వంపులో పని ప్రారంభించే ముందు ఉక్కు పలక ఎక్కడ ముగుస్తుందో పెన్సిలుతో గీత గీసి పెట్టుకోవాలి. లేకపోతే మేకు మొన ఉక్కుకు తగిలి వంగి, తోలును చీల్చుకుంటూ పక్కకు పొడుచుకు వస్తుంది.

అమెరికా పశువుల కాపరులు వాడే వెస్టర్న్ జీను నిర్మాణం వేరు. దాని చట్రాన్ని సాధారణంగా పైన్ వంటి మెత్తని కలపతో చేసి, చుట్టూ పదును చేయని పచ్చితోలు తడిపి బిగించి కుడతారు. అది ఆరాక చెక్కను గట్టిగా కరుచుకుంటుంది. మెత్తని కలప నున్నని మేకును ఎక్కువకాలం పట్టి ఉంచలేదు గనుక అక్కడ మేకు ఒంటికి గాట్లు ఉండటం అవసరం. ఫైబర్‌గ్లాస్, ప్లాస్టిక్ చట్రాలకు ఈ రెండు పద్ధతులూ నేరుగా సరిపోవు. వాటిలో ముందుగా రంధ్రం చేసి స్క్రూ బిగించడం, లేదా తయారీదారు వాడిన పిన్నులనే మళ్లీ వాడటం మేలు.

ఏ తరహాలోనైనా ఒక హద్దును మాత్రం దాటకూడదు. మనిషి ప్రాణం ఆధారపడే భాగాన్ని కేవలం మేకుల మీద నిలపకూడదు. రికాబు (స్వారీ చేసేవారు కాలు పెట్టే కడియం) పట్టీ వేలాడే ఇనుప కడ్డీని చట్రానికి రివిట్లతోనే బిగిస్తారు. అది వదులైతే దాన్ని మేకుతో సరిపెట్టడం మరమ్మతు కిందికి రాదు.

ట్యాక్, తీగ మేకు, రింగు మేకు

ట్యాక్‌ను ఉక్కు రేకు నుంచి కత్తిరించి తీస్తారు. అందువల్ల దాని ఒళ్లు గుండ్రంగా కాక పలకలుగా ఉండి, తల దగ్గర లావుగా మొదలై మొన దాకా క్రమంగా సన్నబడుతుంది. మొన చాలా పదునుగా ఉండటం వల్ల మడతపెట్టిన నవారులోనూ మందపాటి తోలులోనూ ముందుగా రంధ్రం చేయకుండానే దిగుతుంది. జీను పనివారికి దీనిలో ఉన్న అసలు సుగుణం పీకేటప్పుడు తెలుస్తుంది. ఒళ్లు సన్నబడుతూ పోతుంది కాబట్టి ట్యాక్ కొద్దిగా కదలగానే చెక్కతో పట్టు విడిచి సులువుగా బయటికి వస్తుంది, చెక్కలో మిగిలే రంధ్రం కూడా చిన్నదే. కూర్చునే నవారును వెనుక ఎత్తు కిందా ముందు వంపు మీదా బిగించడానికి, తడి తోలును అచ్చుకు లాగి తాత్కాలికంగా నిలపడానికి దీనికి మించినది లేదు.

సాధారణ తీగ మేకు ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా దొరుకుతుంది, ధరా తక్కువే. అయితే దాని తల చిన్నది, ఒళ్లు మొదటి నుంచి చివరిదాకా ఒకే మందం. తల చిన్నదైతే లాగుడు పడినప్పుడు నవారు నూలు దాని చుట్టూ విచ్చుకొని తల మీదుగా జారిపోతుంది. తప్పనిసరై తీగ మేకు వాడాల్సివస్తే పెద్ద తల ఉన్న రకాన్ని ఎంచుకొని, మొనను సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి మొద్దుబార్చాలి. పదునైన మొన కలప నారను పక్కలకు నెట్టి చీలుస్తుంది, మొద్దు మొన నారను నలిపి తెంపుకుంటూ దిగుతుంది.

రింగు మేకు ఒంటి మీద వరుసగా వలయాల్లా గాట్లు ఉంటాయి. కలప నార ఆ గాట్లలోకి సర్దుకోవడంతో అది వెనక్కి రాదు; బలవంతంగా పీకితే తలైనా ఊడుతుంది, చెక్కైనా పెళ్లలుగా లేస్తుంది. వెస్టర్న్ జీనులో కూర్చునే భాగం అడుగున వేసే జింక్ పూత రేకును, దాని మీది తోలు పొరలను, తంగు కడియాల తోలును చట్రానికి బిగించేటప్పుడు ఈ మొండితనమే మనకు కావాలి. అక్కడ కూడా కడియాల దగ్గర స్క్రూలను తోడుగా వేయడం మంచి అలవాటు. అదే రింగు మేకును ఇంగ్లిష్ జీను నవారుకు కొడితే ఆ జీను తరువాత మరమ్మతుకు వచ్చినప్పుడు చట్రమే పాడవుతుంది. మంచి ఉద్దేశంతో ‘గట్టిగా ఉండాలని’ కొట్టిన రింగు మేకుల వల్ల వెనుక అంచు పొరలన్నీ చిట్లిపోయిన బీచ్ చట్రాలను చూసిన వారెవరైనా ఈ మాట ఒప్పుకుంటారు.

గాలి పీడనంతో కొట్టే స్టేపుల్ పిన్నుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కర్మాగారాలు వేగం కోసం వాటిని వాడుతున్నాయి. లోపలి గుడ్డ, పలుచని ఫోము వంటి బరువు పడని పొరలకు అవి సరిపోతాయి. కానీ తంగు పట్టీలను మోసే నవారుకు నేనైతే వాటిని వాడను, ఎవరినీ వాడమనను.

లోహం

గుర్రం చెమటలో ఉప్పు ఉంటుంది. తుమ్మ చెక్క, తంగేడు చెక్క, కరక్కాయ వంటి వాటితో పదును చేసిన తోలులో ట్యానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. ఈ రెండింటి మధ్య తడిలో చిక్కిన ఇనుముకు రెండు జబ్బులు వస్తాయి: మొదట తోలును నల్లబరుస్తుంది, తరువాత తాను తుప్పుపట్టి తోలునూ నవారు నూలునూ తినేస్తుంది. నలుపు వెనుక ఉన్న రసాయనం మనకు కొత్తది కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు తుప్పు ఇనుమును బెల్లం నీటిలో నానబెట్టి తీసిన కషాయాన్ని కరక్కాయ పట్టించిన గుడ్డ మీద పెట్టి నల్ల గీతలు తెప్పించేది ఈ చర్యతోనే. గుడ్డ మీద అది కళ అవుతుంది కానీ తేనె రంగు జీను మీద ప్రతి మేకు తల చుట్టూ నల్లని వలయమై కూర్చుంటుంది.

నీలంగా కాల్చిన ఉక్కు ట్యాక్‌ల మీది నీలి పొర చాలా పలుచనిది. అది దుకాణంలో డబ్బాలో ఉన్నంతకాలం తుప్పును ఆపగలదు, తడి తోలులో ఎక్కువసేపు ఆపలేదు. అయినా వాటిని పూర్తిగా పక్కనపెట్టాల్సిన పని లేదు. పొడి నవారు మీద కొట్టి, పైన గుడ్డా తోలూ కప్పుకునే చోట అవి బాగానే పనిచేస్తాయి; నల్ల జీనులోనైతే మరక గురించిన చింత కూడా ఉండదు. లేత రంగు తోలును తడిపి లాగి, ఆరేదాకా బిగించి ఉంచే పనికి మాత్రం అవి వద్దు. జింక్ పూత మేకులు కొంత మెరుగు, కానీ బజారులో తళతళలాడుతూ దొరికే వాటి మీద విద్యుత్తుతో వేసిన పూత పలుచగా ఉండి సుత్తి దెబ్బకే తల మీద లేచిపోతుంది. కరిగిన జింక్‌లో ముంచి తీసిన మేకులు మసక బూడిద రంగులో, కాస్త గరుకుగా కనిపిస్తాయి. పూత మందంగా ఉండేది వాటి మీదే.

ఇత్తడి తోలును నల్లబరచదు, తుప్పుపట్టదు. తోలుకు పట్టించే కొవ్వు, నూనెలతో కలిసి మేకు తల చుట్టూ ఆకుపచ్చని మైనంలాంటి పదార్థాన్ని పుట్టించడం దాని బలహీనత. అది గుడ్డతో తుడిస్తే పోతుంది, అయితే తుడిచే అలవాటు ఉండాలి. ఇత్తడి మెత్తనిది కూడా. బీచ్ చెక్కలో నేరుగా కొడితే వంగిపోతుంది కనుక మేకు ఒంటికన్నా కొంచెం సన్నని రంధ్రం ముందుగా చేసుకొని, మొనకు కొద్దిగా మైనం రాసి దించాలి. 304 రకం స్టెయిన్‌లెస్ ఉక్కు మేకులకు ఈ ఇబ్బందులేవీ లేవు. ధర ఎక్కువ, మన బజారులో ట్యాక్ ఆకారంలో వాటిని సంపాదించడం కష్టం. వెస్టర్న్ జీను చేసేవారికి స్టెయిన్‌లెస్ రింగు మేకులు దొరికితే మరో ఆలోచన లేకుండా కొనవచ్చు, ఎందుకంటే అవి మళ్లీ బయటికి రాని చోట్లకు వెళ్లేవి.

బయటికి కనిపించే గుబ్బ మేకులు

ఇంగ్లిష్ జీను ముందు భాగంలో రెండు వైపులా పైతోలును చట్రానికి బిగించే గుబ్బ తల మేకులు అలంకారంగా కనిపించినా బరువు మోస్తాయి. కొన్నవారు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. సోఫాలకు కొట్టే గుబ్బ మేకులు చూడటానికి అచ్చం ఇలాగే ఉంటాయి. కానీ వాటి తల పలుచని రేకుతో చేసిన బోలు గిన్నె, కింద అంటించినది సన్నని పొట్టి మొన, పైన ఇత్తడి పూత. జీను రెక్క రోజూ కదులుతూ ఉంటే ఆ అతుకు వీడి, తల ఊడి, మొన చెక్కలోనే మిగిలిపోతుంది. జీను మేకులో తల గట్టిగా నిండి ఉంటుంది, ఒళ్లు లావుగా ఉంటుంది. తూకం వేస్తేనే తేడా తెలిసిపోతుంది. తల కింది భాగాన్ని వెలుతురులో చూస్తే బోలుగా ఉందో నిండుగా ఉందో కనబడుతుంది. దీని విషయంలో స్థానిక ప్రత్యామ్నాయం కోసం వెతకడం కన్నా సరైన వస్తువును తెప్పించుకోవడమే చవక.

కొలతల్లో తికమక

ట్యాక్‌లకు విదేశీ దుకాణాల్లో నంబర్లు ఉంటాయి. వెయ్యి ట్యాక్‌ల బరువు ఎన్ని ఔన్సులో చెప్పే పాత పద్ధతి నుంచి అవి వచ్చాయంటారు. ఇప్పుడు వాటిని పొడవుకు గుర్తుగా వాడుతున్నారు. 3వ నంబరు 3/8 అంగుళం, 4వది 7/16, 6వది 1/2, 8వది 9/16, 10వది 5/8, 12వది 11/16, 14వది 3/4 అంగుళం. అంటే నంబరు పెరిగితే మేకు పెద్దది. మన హార్డ్‌వేర్ దుకాణంలో తీగ మేకులకు చెప్పే గేజి నంబరు దీనికి సరిగ్గా విరుద్ధం. 14 గేజి తీగ సుమారు 2.03 మిల్లీమీటర్ల మందం, 16 గేజి 1.63, 18 గేజి 1.22 మాత్రమే. “14 నంబరు” అని ఒక్క మాట రాసి పంపితే వచ్చే సరుకు మీరు కోరుకున్నది కాకపోవచ్చు. పొడవును మిల్లీమీటర్లలో, ఒంటి మందాన్ని మిల్లీమీటర్లలో, తల వెడల్పును కూడా రాసి పంపడం ఉత్తమం.

పొడవు తేల్చుకునే లెక్క సులువైనదే, కానీ ప్రతి చోటా విడిగా వేయాలి. నవారును మూడు మడతలు వేస్తే ఎంత మందమో, దాని మీద ఎన్ని తోలు పొరలు వస్తాయో కొలిచి, ఆ మొత్తాన్ని మేకు పొడవు నుంచి తీసేస్తే చెక్కలోకి దిగేది ఎంతో తెలుస్తుంది. మొన అవతలికి తేలకుండా చెక్కలో కనీసం 3 మిల్లీమీటర్లు మిగలాలి. ఇంగ్లిష్ చట్రంలో నవారుకు 1/2 లేదా 5/8 అంగుళం ట్యాక్, పలుచని గుడ్డకు 3/8 అంగుళం చాలు. వెస్టర్న్ చట్రంలో 3/4 నుంచి 1 అంగుళం రింగు మేకులు ఎక్కువ పనులకు సరిపోతాయి, తంగు కడియాల దగ్గర మందాన్ని బట్టి 1¼ కూడా అవసరం కావచ్చు. అయితే గుర్రం వీపు మీద ఆనే పక్క చెక్కలు మధ్యలో మందంగా, అంచుల వైపు పలుచగా ఉంటాయి. మధ్యలో సురక్షితమైన మేకు అంచు దగ్గర అవతలికి పొడుచుకు వస్తుంది. పని పూర్తయ్యాక చట్రం అడుగున దూదిని నెమ్మదిగా రాస్తూ పోవాలి. చేతి వేలికి తెలియని మొనకు కూడా దూది పోగు చిక్కుకుంటుంది. అలా చిక్కిన ప్రతి చోటా మేకు పీకి పొట్టిది వేయాలి. మొనను ఆకురాయితో అరగదీసి వదిలేస్తే, తోలు అణిగిన కొద్దీ అది మళ్లీ తేలి గుర్రం వీపును పుండు చేస్తుంది.

ఎక్కడ దొరుకుతాయి

హైదరాబాద్‌లో ఉన్నవారికి తీగ మేకులు, జింక్ పూత మేకులు, ఇత్తడి పిన్నులు, ఇత్తడి స్క్రూలు రాణిగంజ్, బేగంబజార్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి. ట్యాక్‌ల కోసం హార్డ్‌వేర్ దుకాణానికి కాక, చెప్పులూ బూట్లూ కుట్టేవారికి సామాను అమ్మే దుకాణానికి వెళ్లాలి. బూట్ల అడుగులకు కొట్టే పలకల మేకు జీను ట్యాక్‌కు దగ్గరి బంధువు. దానిలో చూసుకోవాల్సింది తల వెడల్పు ఒక్కటే. కొన్ని రకాల తల నవారును పట్టి ఉంచలేనంత చిన్నదిగా ఉంటుంది. నవారుకు పెద్ద తల, తోలును తాత్కాలికంగా నిలపడానికి చిన్న తల అని రెండు రకాలు తీసుకుంటే చాలా పనులు ఇక్కడి సరుకుతోనే గడుస్తాయి. చిల్లరగా తూకం మీద అమ్మే సంచుల కన్నా మూసిన పొట్లాలు నయం, తూకం సరుకులో తల లేనివీ మొన విరిగినవీ ఎక్కువగా కలుస్తాయి.

గుబ్బ మేకులు, నిండు ఇత్తడి జీను మేకులు కాన్పూరు నుంచి తెప్పించుకోవడం తేలిక. చట్రం, నవారు, ఉన్ని ఎలాగూ అక్కడి నుంచి తెప్పిస్తారు కాబట్టి మేకులను అదే పార్శిల్‌లో అడిగితే రవాణా ఖర్చు కలిసివస్తుంది. ముందు నమూనాగా కొద్దిగా తెప్పించి పరీక్షించకుండా కిలోల లెక్కన మాత్రం ఆర్డరు ఇవ్వవద్దు. ఇంగ్లాండ్‌లోని వాల్సాల్ జీను పనికి పేరుపడిన పట్టణం. అక్కడి ఫుట్‌బాల్ జట్టును ఇప్పటికీ ‘శాడ్లర్స్’ అని పిలుస్తారు. ఆ చుట్టుపక్కల బ్లాక్ కంట్రీ ప్రాంతంలో మేకులు కొట్టడం ఒకప్పుడు ఇంటింటి వృత్తిగా ఉండేది. జీను మేకుల్లో సన్నని తేడాలను పాటించి విడివిడిగా అమ్మే అలవాటు అక్కడి వ్యాపారుల్లో ఇంకా ఉంది. వెస్టర్న్ పనికి కావలసిన రింగు మేకులకు, జీను స్క్రూలకు అమెరికాలో ఒహాయో రాష్ట్రపు వీవర్ వంటి తోలు సామాను సంస్థలు ఆధారం. ఈ రెండు చోట్ల నుంచి చిన్న పొట్లం తెప్పిస్తే వస్తువు ధర కన్నా కొరియరు, సుంకమే ఎక్కువ అవుతుంది. అమెరికా నుంచి సెలవుకు వచ్చే బంధువుల చేత తెప్పించుకునేవారు వాటిని చేతి సంచిలో కాక లోపలికి పంపే పెట్టెలో పెట్టమని ముందే చెప్పాలి.

కొనేముందు అయస్కాంతం వెంట తీసుకెళ్లండి. ‘ఇత్తడి’ అని ఇచ్చిన మేకు అయస్కాంతానికి అంటుకుంటే అది ఇత్తడి పూత వేసిన ఉక్కు. స్టెయిన్‌లెస్ విషయంలో ఈ పరీక్షను ఇంత నమ్మకంగా వాడలేం. 304 రకం తీగను చల్లగా లాగి, తల కొట్టినప్పుడు దానిలో కొంత అయస్కాంత గుణం పుడుతుంది, కాబట్టి కొద్దిగా లాగినంత మాత్రాన నకిలీ అనుకోకూడదు. దీనికి నమ్మదగిన పరీక్ష వేరే ఉంది. బెరడుతో పదును చేసిన లేత రంగు తోలు ముక్కను ఉప్పు నీటిలో తడిపి, అనుమానమున్న మేకులను దానిలో గుచ్చి, ఒక రాత్రి ప్లాస్టిక్ సంచిలో ఉంచితే తెల్లారేసరికి ఏ మేకు చుట్టూ నల్ల వలయం వచ్చిందో చూడగానే తెలుస్తుంది.

సుత్తి ఎంపిక కూడా మేకును బట్టే మారుతుంది. ఉక్కు ట్యాక్‌లకు అయస్కాంత ముఖం ఉన్న సన్నని సుత్తి ఎంతో సుఖం, ఒక చేత్తో నవారు లాగి పట్టుకొని రెండో చేత్తో మేకు అందుకొని కొట్టవచ్చు. 1826లో మొదలైన అమెరికా సంస్థ సి.ఎస్. ఆస్బర్న్ ఇలాంటి తోలు పనిముట్లకు పేరున్నది. ఇత్తడి మేకు ఆ సుత్తికి అంటుకోదు, స్టెయిన్‌లెస్ అంటుకున్నా నిలవదు. పూర్వం సోఫా పనివారు ట్యాక్‌లను నోట్లో పెట్టుకొని నాలుకతో ఒక్కొక్కటీ అందించేవారు. మీరు ఆ అలవాటు చేసుకోవాల్సిన అవసరం ఏమీ లేదు.

ఒక ఇంగ్లిష్ జీనును మొదటిసారి మరమ్మతు చేయబోయేవారికి నా సలహా ఇది: నవారుకు పెద్ద తల నీలి ఉక్కు ట్యాక్‌లు 5/8 అంగుళం, గుడ్డకు 3/8 అంగుళం, తడి తోలు లాగడానికి ఇత్తడి పిన్నులు, ముందు భాగానికి నిండు తల జీను మేకులు. వీటికి మించి ఏదీ ముందుగా కొనవద్దు. పాత రంధ్రాలున్న చోటే కొత్త ట్యాక్ కొట్టాల్సివస్తే, లావు మేకుతో సరిపెట్టే ప్రయత్నం చేయకుండా గట్టి కలప పుల్లను సన్నగా చెక్కి, వడ్రంగి జిగురులో ముంచి రంధ్రంలోకి దిగ్గొట్టి, పైకి మిగిలినదాన్ని కోసేసి, జిగురు పూర్తిగా ఆరిన మరునాడు దాని పక్కన కొట్టాలి.